తెగిన పట్టీ కుటుంబం: మాగడి చెరువు దగ్గర ఒక చలికాలం

నీటిపక్షుల సర్వేలు చేయడం నా పని. చలికాలం వచ్చిందంటే ఏదో ఒక చెరువు గట్టు మీద ట్రైపాడ్ నిలబెట్టి, స్కోప్‌లో చూస్తూ ఏ జాతివి ఎన్ని ఉన్నాయో రాసుకుంటూ ఉంటాను. వందల్లో, వేలల్లో లెక్కపెట్టడం అలవాటైపోయింది. ఈసారి మాత్రం నేను చూసినవి ఐదే పక్షులు, పట్టీతల బాతుల (బార్ హెడెడ్ గూస్) కుటుంబం ఒకటి: తండ్రి, తల్లి, మూడు పిల్లలు. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి చివరిదాకా వెళ్లగలిగినప్పుడల్లా వెళ్లి వాటినే చూశాను. ఈ బాతుల మందను మనం తలలు లెక్కపెట్టి వదిలేస్తున్నాం. ఆ మంద బతికేది కుటుంబాలుగా. ఎవరైనా అదిలించినప్పుడు దానికి తగిలే దెబ్బ తలల లెక్కలో కనబడదు. ఈ సంగతి నాకు ఎలా అర్థమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చోటు, పక్షి

మాగడి చెరువు కర్ణాటకలో గదగ్ జిల్లా శిరహట్టి తాలూకాలో ఉంది. విస్తీర్ణం సుమారు 50 హెక్టార్లు. ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో 2024లో చేరింది. మాది అనంతపురం. బళ్లారి, హొసపేట, గదగ్ మీదుగా వెళ్తాను. దక్షిణ భారతంలో బార్ హెడెడ్ గూస్‌లు చలికాలం గడిపే పెద్ద చోట్లలో ఇది ఒకటి. చెరువు చుట్టూ వేరుశనగ, శనగ, జొన్న చేలు. పీకేసిన వేరుశనగ చేలో మట్టిలో మిగిలిపోయిన కాయలను ఈ పక్షులు పరిగె ఏరుకున్నట్టు ఏరుకుంటాయి.

పెద్ద పక్షి తల తెల్లగా ఉంటుంది. వెనకవైపు రెండు నల్ల పట్టీలు అడ్డంగా ఉంటాయి. పైది ఒక కంటి నుంచి ఇంకో కంటికి తల చుట్టూ వస్తుంది, కిందది మెడ మొదట్లో చిన్నగా ఉంటుంది. అందుకే నేను పట్టీతల బాతు అంటాను. టిబెట్ పీఠభూమి, మంగోలియా, కిర్గిజ్‌స్తాన్, మన లద్దాఖ్‌లోని ఎత్తైన సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి మన వైపు వస్తుంది. ట్రాన్స్‌మిటర్లు కట్టి చూసినప్పుడు ఒక పక్షి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు నమోదైంది. మంగోలియాలో మెడకు కాలర్ వేసిన పక్షులు కర్ణాటక చెరువుల్లో కనబడ్డాయి. మానస సరోవరం నుంచి వచ్చే హంసలని పాత కావ్యాలు చెప్పింది ఈ పక్షి గురించేనని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

తెలుగులో డక్‌నూ గూస్‌నూ కలిపి బాతు అనేస్తాం. ఈ కేస్‌కు ఆ తేడా ముఖ్యం. అదే చెరువులో తేలే సూదితోక బాతుల్లో ఆడది గుడ్లు పొదుగుతుండగానే మగది వెళ్లిపోతుంది. పిల్లలకు రెక్కలొచ్చాక తల్లికీ వాటికీ సంబంధం ఉండదు. అందుకని చలికాలంలో మన చెరువుకొచ్చిన వేల సూదితోకల్లో ఒక్క కుటుంబం కూడా ఉండదు. గూస్‌ల పద్ధతి వేరు. ఆడా మగా జతగా ఏళ్ల తరబడి కలిసుంటాయి. వేసవిలో పుట్టిన పిల్లలు అమ్మానాన్నల వెంటే వలస వచ్చి, చలికాలమంతా వాటితోనే మేస్తాయి. డిసెంబర్‌లో నేను స్కోప్‌లో చూసిన పిల్లల వయసు ఆరు నెలలు. పరిమాణంలో తల్లికి కొంచెమే తక్కువ. దారి తెలియని ఆ వయసులోనే హిమాలయాలు దాటి వచ్చాయి.

దారి అని ఊరికే అనలేదు. గూస్‌లు వలస దారిని పెద్దవాటి వెంట ఎగిరే నేర్చుకోవాలి. 1993లో బిల్ లిష్‌మన్, జో డఫ్ అనే ఇద్దరు కెనడా మనుషులు, తాము పెంచిన కెనడా గూస్‌లను చిన్న విమానాల వెంట ఒంటారియో నుంచి అమెరికాలోని వర్జీనియాకు నడిపించారు. తల్లిదండ్రులు చూపించాల్సిన దారిని విమానం చూపించింది.

గుర్తుపట్టడం

మందలో ఒక పక్షిని రోజూ గుర్తుపట్టలేకపోతే ఇలాంటి పరిశీలన మొదలే కాదు. ఇంగ్లండ్‌లోని స్లిమ్‌బ్రిడ్జ్‌లో పక్షుల పరిశీలకుడు పీటర్ స్కాట్ 1964 నుంచి బెవిక్ హంసలను ముక్కు మీది పసుపు, నలుపు మచ్చల ఆకారంతో ఒక్కొక్కటిగా గుర్తుపట్టి బొమ్మలు గీశాడు. నేను అదే పని తల పట్టీలతో చేసి చూశాను. వారం రోజులు చూసిన ప్రతి తలనూ వెనకవైపు నుంచి గీశాను. చాలావరకు ఒకేలా ఉన్నాయి. ఒక మగదానికి మాత్రం కింది పట్టీ ఎడమవైపు తెగి, మధ్యలో తెల్ల ఖాళీ ఉంది. నోట్‌బుక్‌లో దానికి తెగిన పట్టీ అని పేరు పెట్టుకున్నాను.

అది మగదని ఎలా తెలిసిందంటే, చూపులకు ఆడా మగా ఒకేలా ఉంటాయి, మగది కాస్త పెద్దది. ప్రవర్తన చూస్తే అనుమానం తీరిపోతుంది. దగ్గరికొచ్చిన వాటి మీదికి ఎక్కువగా వెళ్లేది మగదే.

పిల్లలను గుర్తుపట్టడం తేలిక. మొదటి చలికాలంలో వాటికి పట్టీలు సరిగా ఉండవు. నడినెత్తి నుంచి మెడ వెనక దాకా మాసిన గోధుమ రంగు ఉంటుంది. పక్కలు పాలిపోయి ఉంటాయి, మెడ మీద పెద్దవాటికుండే గాడులు కనబడవు. ముగ్గురిలో ఒకదానికి ఎడమ రెక్కలో ఒక పెద్ద ఈక సగానికి విరిగి ఉంది. ఎగిరినప్పుడూ రెక్క చాచినప్పుడూ మాత్రమే ఆ ఖాళీ కనబడేది. ఊడిన ఈక మళ్లీ మొలుస్తుంది. విరిగింది అలా కాదు, వేసవిలో ఈకలు రాల్చేదాకా అలాగే ఉంటుంది. ఈ చిన్న సంగతే తరువాత నాకు ఆధారమైంది.

మొదట్లో ఒక తప్పు చేశాను. గడ్డిలో దగ్గరదగ్గరగా పడుకున్న తొమ్మిది పక్షులను ఒకే కుటుంబం అనుకుని రాసేశాను. లేచి నడిచాక చూస్తే రెండు కుటుంబాలు, మధ్యలో ఒక జంట. పడుకున్నప్పుడూ నీటి మీద ఉన్నప్పుడూ కుటుంబం తేలదు. దిగేటప్పుడూ వరుసగా నడిచేటప్పుడూ చూడాలి. ఆకాశంలోంచి మంద దిగుతుంటే కుటుంబాలు ముడులు ముడులుగా విడివడి, ఒక్కో ముడీ ఒక్కో చోట వాలుతుంది. కొత్తగా చూసేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే.

తల పైకెత్తడమే పోషణ

నేను చూసే పద్ధతి పాతదే. జీన్ ఆల్ట్‌మన్ 1974లో రాసిన వ్యాసం తరువాత జంతు ప్రవర్తన చూసేవాళ్లందరూ వాడేదే. ఒక పక్షిని ఎంచుకుని పది నిమిషాలు దాన్ని మాత్రమే చూడాలి. తల కిందకు వంచి మేస్తోందా, పైకెత్తి చూస్తోందా, ఎవరినైనా తరుముతోందా, గుర్తులు పెట్టుకోవాలి. తరువాత ఇంకో పక్షి. తండ్రి, తల్లి, ఒక పిల్ల, మళ్లీ తండ్రి. ఇలా తిప్పుతూ చూశాను.

కాకి పిల్ల నోట్లో తిండి పెడుతుంది. కోడి నేల గీరి పిల్లలను పిలుస్తుంది. గూస్ తల్లిదండ్రులు అలాంటివేమీ చేయవు. పిల్ల పుట్టిన మరునాటి నుంచి తనే మేయాలి. అలాంటప్పుడు ఇవి పెంచడం అంటే ఏమిటి? డిసెంబర్‌లో నేను పెట్టుకున్న గుర్తులే జవాబు చెప్పాయి. పిల్లలు మేస్తున్నంతసేపూ తండ్రి తల ఎక్కువగా పైనే ఉండేది. మంచె మీద కాపలా మనిషిలా మెడ నిటారుగా పెట్టి, ఒకసారి గట్టు వైపు, ఒకసారి ఆకాశం వైపు చూసేది. ఊరకుక్క గట్టెక్కినా, గద్ద నీడ పడినా మొదట పిలిచేది అదే. తల్లి దానికంటే ఎక్కువ మేసేది, అయినా పిల్లలంత కాదు. పిల్లలు దాదాపు తల ఎత్తేవే కావు. తండ్రి వదులుకున్న మేతే వాటి మేత.

పెద్ద పక్షికి ఇది చిన్న నష్టం కాదు. చలికాలపు మేతతోనే ఫిబ్రవరి చివర తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకోవాలి. ఇదే జాతి మీద జర్మనీలో షిండ్లర్, లాంప్రెక్ట్ చేసిన పరిశీలన 1987లో వచ్చింది. పిల్లలు ఎక్కువ ఉన్న కొద్దీ తల్లిదండ్రులు కాపలాకు పెట్టే సమయం పెరుగుతుందని వాళ్లు చూపించారు. ఒక కాపలా మనిషి ఉంటే చేనంతటికీ సరిపోతుంది కదా, పిల్లలు ఇద్దరైతే ఏమి, ఐదైతే ఏమి అని నేనూ అనుకునేవాణ్ణి. మూడు పిల్లలు మూడు వైపులకు మేసుకుంటూ పోతుంటే తండ్రి మెడ మూడు వైపులకూ తిరగడం చూశాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

చోటు గెలవడం

రెండో సంగతి చోటు. చెరువు అంచున లేత గడ్డి ఉన్న పట్టీ సన్నగా ఉంటుంది, అందరికీ అదే కావాలి. తెగిన పట్టీ కుటుంబం అక్కడికొస్తే ముందే ఉన్న జంటలు పక్కకు జరిగేవి. జరగకపోతే తండ్రి మెడను నేలకు సమాంతరంగా చాచి, నోరు తెరిచి పరుగెత్తేది. ఒకటి రెండు సార్లు తప్ప దెబ్బదాకా పోలేదు. ఎదుటి జంట వెళ్లిపోగానే వెనక్కి తిరిగి, మెడ చాచుకుని అరుస్తూ తల్లి దగ్గరికొచ్చేది. తల్లి కూడా మెడ చాచి జవాబిచ్చేది. పిల్లలు మధ్యలో దూరి సన్నగొంతుతో అరిచేవి. ఐదు తలలూ దగ్గరదగ్గరగా చేరి, ఒకే వైపుకు కాకుండా కాస్త పక్కగా చూస్తూ అరుస్తాయి. జర్మన్ పక్షి శాస్త్రవేత్త ఆస్కర్ హైన్‌రోత్ 1911లో దీన్ని విజయ కేక అన్నాడు. ఆ తరువాత జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ గ్రేలాగ్ గూస్‌లలో దీన్ని ఎన్నో ఏళ్లు చూశాడు. కుటుంబాన్ని కలిపి ఉంచే బంధం ఇదేనని చెప్పాడు. ఎన్నిసార్లు చూసినా స్కోప్ మీంచి కన్ను తీయలేకపోయేవాణ్ణి.

మందలో ఎవరు ఎవరికి తలవంచాలో కూడా కుటుంబమే తేలుస్తుంది. హ్యూ బాయిడ్ 1953లో స్లిమ్‌బ్రిడ్జ్‌లో చలికాలం గడిపే వైట్ ఫ్రంటెడ్ గూస్‌ల తగాదాల మీద రాశాడు. కుటుంబాలు జంటల మీద, జంటలు ఒంటరి పక్షుల మీద గెలుస్తాయి. పెద్ద కుటుంబం చిన్న కుటుంబం మీద గెలుస్తుంది. డెన్నిస్ రావెలింగ్ అమెరికాలో కెనడా గూస్‌ల మీద చూసిందీ ఇదే వరుస. దీన్నిబట్టి చూస్తే పిల్లలు తల్లిదండ్రులకు భారం మాత్రమే కాదు. వెనక మూడు పిల్లలు ఉన్న మగది గడ్డి పట్టీలోకి నడిచి వస్తే ఎదుటివాళ్లకు ఐదు పక్షులు కనబడతాయి. జనవరికొచ్చేసరికి పిల్లలు కూడా తండ్రి వెనక నుంచి ముక్కుతో పొడవడం మొదలుపెట్టాయి. అప్పుడప్పుడూ తల ఎత్తి చూడడమూ నేర్చాయి.

జనవరిలో ఆ ఉదయం

సంక్రాంతి సెలవులు. గట్టు మీద జనం ఎక్కువగానే ఉన్నారు. చాలామంది దూరం నుంచే చూసి వెళ్లారు. కారులో వచ్చిన ఒక బృందం మాత్రం గట్టు దిగి గడ్డి వైపు నడిచింది. పక్షులు ఎగిరితే ఫొటో బాగా వస్తుందని చప్పట్లు కొట్టారు. మంద మొత్తం లేచింది. ఆ శబ్దం గదగ్ రోడ్డు దాకా వినపడి ఉంటుంది. రెండు మూడు ముక్కలై, ఒక ముక్క అవతలి ఒడ్డుకు, ఇంకో ముక్క చేల మీదికి పోయింది. అరగంటకు కొన్ని తిరిగొచ్చాయి. సాయంత్రానికి దాదాపు అన్నీ వచ్చాయి.

నా వృత్తిపరంగా ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ సాయంత్రం తలలు లెక్కపెట్టాను. ఉదయం లెక్కకు దాదాపు సరిపోయింది. ఫారంలో రాస్తే ‘అలజడి ప్రభావం కనబడలేదు’ అని వస్తుంది. ఎన్నో సర్వేల్లో నేనే అలా రాశాను.

కానీ తెగిన పట్టీ దగ్గర రెండు పిల్లలే ఉన్నాయి.

మూడోది మరునాడు పొద్దున దొరికింది. అవతలి ఒడ్డున, మంద అంచుకు ఇంకా అవతల, ఒంటరిగా ఉంది. తల్లిదండ్రులు చనిపోయిన పిల్ల అనుకుని, దగ్గరగా ఒక ఫొటో తీసుకుందామని నాలుగడుగులు వేశాను. అది ఇంకా దూరానికి ఎగిరింది. ఎగిరినప్పుడు ఎడమ రెక్కలో ఖాళీ కనబడింది. నిన్న చప్పట్లు కొట్టినవాళ్లు చేసిన పనే నేనూ చేశానని అప్పుడు అర్థమైంది. వెనక్కి వచ్చి గట్టు మీద చెట్టు కింద కూర్చున్నాను.

ఆ పిల్లను ఆ రోజూ మరుసటి రోజూ చూశాను. నిన్నటి దాకా తల ఎత్తని పిల్ల ఇప్పుడు రెండు ముక్కలు గడ్డి కొరికి తల ఎత్తుతోంది. ఆగి ఆగి పిలుస్తోంది, జవాబు కోసం చూస్తోంది, మళ్లీ పిలుస్తోంది. గడ్డి పట్టీలోకి వస్తే ఏ జంట అయినా తరిమేది. ఒక కుటుంబంలోని పిల్ల కూడా దాన్ని తరిమింది. కుటుంబం నుంచి తప్పిపోయిన పిల్లలు మందలో అట్టడుగుకు జారిపోతాయని రావెలింగ్ రాసింది చదివే ఉన్నాను, చదివినప్పుడు అదొక వాక్యం. ఇక్కడ అది కళ్ల ముందు ఆకలితో తిరుగుతోంది. మేత తగ్గడం ఒక్కటే కాదు. కాపలా పని కూడా దాని మీదే పడింది, చోటు కూడా పోయింది. తండ్రి ఇన్నాళ్లూ ఏమిచ్చిందో, అది లేనప్పుడు తెలిసింది.

ఇటు ఒడ్డున తెగిన పట్టీ కూడా మామూలుగా లేదు. తల ఎత్తినప్పుడల్లా పిలిచేది. తల్లి రెండు పిల్లలను దగ్గరే ఉంచుకునేది.

మూడో రోజు సాయంత్రం, చేల నుంచి మంద చెరువులోకి దిగే వేళ. ఒంటరి పిల్ల నీటిలో ఉంది. దిగుతున్న గుంపులోంచి ఒక గొంతు వినగానే అది ఒక్కసారిగా ఈదడం మొదలుపెట్టింది. తెగిన పట్టీ నీటి మీద రెక్కలు కొట్టుకుంటూ దానికి ఎదురొచ్చింది. తరమడానికి వస్తోందేమోనని ఒక్క క్షణం నాకు టెన్షన్ పట్టుకుంది. దగ్గరికొచ్చి మెడ చాచి అరిచింది. పిల్లా అరిచింది. తల్లి, మిగతా రెండూ చేరాయి. విజయ కేకే, కానీ ఎవరినీ ఓడించకుండా. అది వాటి పిల్లేనా అని ఎవరైనా అడిగితే నా దగ్గర రెండు ఆధారాలు ఉన్నాయి. ఒకటి విరిగిన ఈక, రెండోది ఈ స్వాగతం. గూస్‌లు పరాయి పిల్లను ఇలా చేర్చుకోవడం ఆ చలికాలంలో నేను ఒక్కసారీ చూడలేదు.

ఈ పిల్ల అదృష్టవంతురాలు. మూడు రోజుల్లో కలిసింది. చెరువు ఒక్కటే కావడం, మంద రాత్రికి అక్కడికే రావడం కలిసొచ్చాయి. రోజూ అదిలించే చోట ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నార్వేలో వెస్టెరోలెన్ దీవుల్లో రైతులు పొలాల నుంచి పదే పదే తరిమిన పింక్ ఫుటెడ్ గూస్‌లు సరిగా కొవ్వు పట్టలేదు. తరువాతి చలికాలానికి వాటి వెంట పిల్లలు తక్కువగా వచ్చాయి. యెస్పర్ మాడ్సన్ 1995లో దీన్ని రాశాడు. ఒక ఉదయపు అలజడి లెక్క ఏడాది తరువాత తేలుతుంది.

ఊళ్లో మాట

చెరువు పక్క చేను ఒక పెద్దాయనది. కన్నడలో తాతను అజ్జ అంటారు కాబట్టి నేనూ అజ్జా అనే పిలిచేవాణ్ణి. ఆయనకు పక్షుల మీద కోపం లేదు. వేరుశనగ పీకాక వచ్చి ఏరుకుంటే నష్టమేముంది, పైగా వాటి రెట్ట ఎరువే కదా అన్నాడు. మొలకెత్తిన శనగ చేను విషయంలో మాత్రం బాధ ఉంది, అది న్యాయమైన బాధ. అక్కడ టపాకాయలు పేలుస్తారు. నేను వద్దనలేదు. దిగి మేస్తున్న మంద మధ్యలో పేల్చడం కంటే, తెల్లవారకముందే చేలో మనిషి నిలబడి దిగనివ్వకుండా చూడటం మేలని చెప్పాను. దిగకముందు మళ్లిస్తే కుటుంబాలు ముడులుగానే వేరే చోటికి పోతాయి. మేస్తూ చెదిరి ఉన్నప్పుడు పేలిస్తే పిల్లలు ఒక దిక్కు, పెద్దవి ఒక దిక్కు అవుతాయి. అజ్జకు ఇది వెంటనే అర్థమైంది. జాతరలో పిల్లవాడు తప్పిపోయినట్టేనన్నాడు.

లెక్క ఫారంలో నేను మార్చింది

ఆసియాలో నీటిపక్షులను లెక్కపెట్టే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతోంది. చాలా విలువైన పని, నేనూ పాల్గొంటాను. అందులో రాసేది జాతి, సంఖ్య. ఇప్పుడు గూస్‌ల దగ్గరికొచ్చేసరికి నా సొంత నోట్‌బుక్‌లో ఇంకో రెండు గీతలు గీస్తున్నాను. దగ్గరగా కనబడిన గుంపులో మొదటి ఏడాది పిల్లలు ఎన్ని, స్పష్టంగా తేలిన కుటుంబాల్లో ఒక్కోదానికి ఎన్ని పిల్లలు. అదనంగా పట్టేది గంట సమయం. మొదటి సంఖ్య ఆ ఏడాది గుడ్ల కాలం ఎలా గడిచిందో చెబుతుంది. రెండోది ఎంతమంది తల్లిదండ్రులు పిల్లలను ఇక్కడిదాకా తీసుకురాగలిగారో చెబుతుంది. అలజడి జరిగిన చోట ఇంకోటి కూడా రాయాలి: మంద అంచున ఒంటరి పిల్లలు ఎన్ని ఉన్నాయని. అన్నిటికంటే ముందు రాయాల్సిన సంఖ్య అదేనని ఇప్పుడు నా అభిప్రాయం.

ఫిబ్రవరి

చివరి వారాల్లో కుటుంబం వదులైంది. పిల్లలు ముందుకంటే దూరంగా మేసేవి. తండ్రి ఒకటి రెండు సార్లు వాటినీ పొడిచింది, మెత్తగానే. గూస్‌లలో ఈ విడిపోవడం జాతిని బట్టి మారుతుంది. చాలావాటిలో తరువాతి గుడ్ల కాలానికి పిల్లలు వేరైపోతాయి. గ్రీన్‌లాండ్ నుంచి వచ్చి ఐర్లాండ్‌లో వెక్స్‌ఫర్డ్ దగ్గర చలికాలం గడిపే వైట్ ఫ్రంటెడ్ గూస్‌లలో మాత్రం కొన్ని పిల్లలు ఏళ్ల తరబడి తల్లిదండ్రుల దగ్గరే ఉంటాయి.

అదే సమయంలో పిల్లల తలలు మారుతున్నాయి. మాసిన గోధుమ రంగులోంచి కొత్త తెల్ల ఈకలు, వాటి మధ్య నల్లగా పట్టీలు తేలుతున్నాయి. ఈక విరిగిన పిల్ల వేసవిలో ఈకలన్నీ రాల్చి కొత్తవి తెచ్చుకుంటుంది. ఆ ఖాళీ పోతుంది. వచ్చే నవంబర్‌లో అమ్మానాన్నల పక్కన లేకపోతే దాన్ని గుర్తుపట్టడానికి నా దగ్గర ఏమీ మిగలదు. అందుకని చివరి మూడు ఉదయాలు దాని తల వెనకభాగం మాత్రమే గీశాను. పై పట్టీ కుడి చివర కాస్త మందంగా, కొక్కెంలా వంగి వస్తోంది. కింది పట్టీ ఇంకా సగమే వచ్చింది. తెగిన పట్టీ ఉన్న పేజీకి ఎదురు పేజీలో దాన్ని గీసి, కింద తేదీ వేసి, మిగతా సగం కోసం ఖాళీ వదిలాను.